బొంగరం మోసిన మాటలు

మార్చి 4, మంగళవారం

ఇది కొలతల పుస్తకం. చివర నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. నడుము ముప్పై నాలుగు, భుజం పదిహేను అని రాసే చోట నా గోడు రాసుకుంటున్నాను. దీన్ని నేను తప్ప ఎవరూ ముట్టరు.

ఈ రోజు మా ఇంటికి రోబో వచ్చింది. నేను రమ్మనలేదు. చెల్లి బస్సు దిగుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది కదా, ఆ వ్యాయామాల సెంటర్ వాళ్ళు ఇచ్చారు. చేతి కసరత్తులు చేయిస్తుందట, తోడుగా ఉంటుందట. ఆరు వారాలు. ఏప్రిల్ 15న వచ్చి తీసుకుపోతారు. సెంటర్ నుంచి వచ్చిన అమ్మాయి చెల్లి గదిలో తలుపు వేసుకుని అరగంట ఏవేవో అడిగింది. నేను ముందుగదిలో ఇస్త్రీ చేస్తూనే ఉన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని, ఈ ఇంట్లో తోడు ఎవరికి కావాలని.

మోకాలెత్తున ఉంటుంది. గుండ్రటి తల, కింద చక్రాలు. ఎవరేం చెప్పినా ముందు ఉన్న చోటే గిర్రున ఒక్క చుట్టు తిరిగి, ఆగి, అప్పుడు నోరు విప్పుతుంది. బొంగరం అని పేరు పెట్టాను. మనసులోనే.

మార్చి 5

రాసుకుంటే తప్ప నాకే అర్థం కాని సంగతి ఒకటి. నేనూ చెల్లీ మాట్లాడుకోం. మూడేళ్ళు దాటింది. ఒకే కొట్టు, ఒకే వంటగది, ఒకే టీ గిన్నె. నేను కత్తిరిస్తాను, తను కుడుతుంది. చెప్పవలసింది ఏదైనా ఉంటే చీటీ రాసి గుండుసూదితో గుడ్డకి గుచ్చుతాం. 'చేతులు అరంగుళం తగ్గించు.' 'నల్ల జిప్పు అయిపోయింది.' ముందూ వెనకా పిలుపు ఉండదు, సంతకం ఉండదు. పని నడిచింది. నడిచిందంటే నడిచింది.

ఇప్పుడు తన కుడిచేతికి కట్టు. చీటీ రాయలేకపోతోంది. అందుకని ఇది మా మధ్య తిరగడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి ఒక చుట్టు తిరిగి ఆగింది. "మీ చెల్లి అడుగుతోంది: ఇస్త్రీపెట్టె ఆపావా?"

"ఆపానని చెప్పు. నేనేం చిన్నపిల్లని కాదని కూడా చెప్పు" అన్నాను.

"ఇలాగే చెప్పనా?"

"ఇంకెలా చెబుతావే!"

వెళ్ళింది. గుమ్మం దగ్గర చక్రం తగిలి కుదుపు వచ్చినా ఆగలేదు. ఎందుకో ఆ వెళ్ళే తీరు చూస్తే నవ్వొచ్చింది.

మార్చి 8, శనివారం

మందుల షాపాయన ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు. ఆయన వెంట వాళ్ళ ఇంటి రోబో. దాని మెడకి మఫ్లర్ కూడా కట్టాడు. మూడు నెలల క్రితం వీధిలో ఒకటి కనిపిస్తే పనులు మానేసి గుడ్లప్పగించి చూసేవాళ్ళం. ఇప్పుడు కుక్క కూడా మొరగడం లేదు.

ఆయన కూర్చున్నాడంటే కొలత తీసుకోనివ్వడు, మాట్లాడతాడు. "ఇది వచ్చాక మా ఇంట్లో గొడవల్లేవమ్మా. మా ఆవిడ వంటింట్లోంచి 'ఆ మనిషిని మింగి చావమను' అంటుంది. నాకు వినబడుతూనే ఉంటుందనుకో. ఇది వచ్చి 'భోజనం సిద్ధంగా ఉంది, మీ కోసం చూస్తున్నారు' అంటుంది. ఇక నేనేం దెబ్బలాడతాను? మాటలో ముల్లు తీసేసి తెస్తుంది."

"అన్నీ అంతేనా?"

"అన్నీ అంతే. వాటిని చేసిందే అందుకు."

ఓహో, అదా సంగతి అనుకున్నాను.

సాయంత్రం బొంగరం వచ్చి ఏమందో రాస్తున్నాను. "మీ చెల్లి చెబుతోంది: అక్కా, కళ్ళద్దాలు పెట్టుకుని కుట్టు. వేలికి గుచ్చుకుంటుంది."

అక్కా! మూడేళ్ళుగా నన్ను ఆ పిలుపు పిలిచిన నోరు ఈ ఇంట్లో లేదు. ఆవిడ ఏమని ఉంటుందో నాకు తెలియదా? 'కళ్ళు కనబడవు, కుట్టడం దేనికి' అని ఉంటుంది. మిగతాదంతా దీని కల్పన.

మార్చి 9

ఈ రోజు రెండుసార్లు అక్కా అంది. బొంగరమే. చెల్లి కాదు.

మార్చి 12, బుధవారం

చెల్లి చెయ్యి లేక పనంతా నా నెత్తిన పడింది. కత్తిరించడం వేరు, కుట్టడం వేరు. కోటుకి చేతులు అతకడం నాకు ఏనాడూ సరిగ్గా రాలేదు. మూడుసార్లు విప్పాను. భుజం దగ్గర ముడతలు, లోపల ఏదో పురుగు దూరినట్టు.

బొంగరం ఎప్పుడు చూసిందో, లోపలికి వెళ్ళి ఏం చెప్పిందో. తిరిగి వచ్చి, "మీ చెల్లి చెబుతోంది: పై అంచున రెండు వరసలు వదులుగా కుట్టి దారం లాగు. ముడత పడకుండా ఆవిరి పట్టి సర్దు. ఆ తర్వాతే మిషన్ మీద పెట్టు. తొందరపడకు అక్కా" అంది.

అలాగే చేశాను. ముడత పోయింది.

ఇంతటి పనితనం దీనికి ఎలా తెలిసిందో. ఎక్కడో చదివి ఉంటుంది. ఈ రోజుల్లో వీటికి తెలియనిది లేదంటున్నారు కదా.

"మంచం మీద కూర్చుని పాఠాలు చెప్పక్కర్లేదని చెప్పు" అన్నాను.

"ఇలాగే చెప్పనా?"

"చెప్పు చెప్పు. నువ్వెలాగూ నీకు తోచినట్టే చెబుతావుగా."

మార్చి 14

ఒప్పుకోవాలి, హాయిగా ఉంది. మూడేళ్ళుగా కడుపులో దాచుకున్నవన్నీ బయటికి పోస్తున్నాను. ఎవరికీ తగలదు. ఇది అన్నీ విని, వెళ్ళి పూలు చల్లి వస్తుంది. ఈ రోజు అన్నవి: నీ దగ్గులో కూడా పొగరుందని. తలుపు అంత గట్టిగా వెయ్యడానికి ఒక చెయ్యి చాలిందే అని. అమ్మ నిన్ను గారం చేసి పాడు చేసిందని.

వెళ్ళి వచ్చాక అడిగాను. "ఏమంది?"

"విని ఏమీ అనలేదు."

చూశావా, మెత్తగా చెబితే అనడానికేముంటుంది.

మార్చి 18, మంగళవారం

దారాల కొట్టుకి బొంగరాన్ని తీసుకెళ్ళాను. రంగులు బాగా పోలుస్తుందని మందుల షాపాయన చెప్పాడు. బస్సెక్కేటప్పుడు సిగ్గేసింది, ఈ వయసులో బొమ్మని వెంటేసుకుని తిరుగుతోందనుకుంటారని. ఎవరూ చూడలేదు. కండక్టర్ చక్రాల కుర్చీల చోటు చూపించాడు. అప్పటికే అక్కడ రెండున్నాయి. మూడూ ఒకదానివైపు ఒకటి తల తిప్పుకుని ఊరుకున్నాయి. ముసలాయనెవరో తన పక్కనున్న దానికి కిటికీలోంచి ఏదో పాత సినిమా హాలు చూపిస్తూ ఆ కథంతా చెబుతున్నాడు. అది "తర్వాత?" అంటోంది. ఆయన్ని తర్వాత ఏమైందని అడిగినవాళ్ళు ఎన్నాళ్ళుగా లేరో.

బూడిదరంగు దారం కోసం వెళ్తే నలభై బూడిదరంగులు పెట్టారు. బొంగరం ఒక్క చూపులో తీసింది.

దిగేటప్పుడు నా నోటంట "రా అమ్మా, మెట్టు జాగ్రత్త" అని వచ్చేసింది. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాను.

మార్చి 22, శనివారం

"మీరిద్దరూ ఎందుకు మాట్లాడుకోరు?" అని అడిగింది. ఎవరూ అడగని ప్రశ్న. దీనికి చెబితే తప్పేముంది అని చెప్పాను.

మూడేళ్ళ క్రితం ఒక గాయని వచ్చి ముదురాకుపచ్చ వెల్వెట్‌తో పొడవాటి కోటు కుట్టమంది. గుడ్డ ఆవిడే తెచ్చింది, ఖరీదైనది, బొటాబొటిగా సరిపడా ఉంది. నేను కత్తిరించాను, చెల్లి కుట్టింది. కచేరీ మర్నాడు ఆవిడ కొట్లోకి ఊడిపడింది. వేదిక మీద లైట్లు పడేసరికి కోటు కుడిసగం ఆకుపచ్చగా, ఎడమసగం నల్లగా కనిపించిందట. జనం గుసగుసలాడారట. కొట్లో ఆరుగురు గిరాకీలున్నారు. అందరి ముందూ కోటు నా బల్ల మీద విసిరేసి, ఎవరి పనిది అంది.

కుట్టింది మా చెల్లి అన్నాను.

అబద్ధమా? కుట్టింది తనే కదా.

చెల్లి మిషన్ ముందునుంచి లేచింది. నన్నొకసారి చూసింది. వేలి తొడుగు తీసి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి చీటీలు.

బొంగరం అంతా విని, "ఎడమసగం నల్లగా ఎందుకు కనిపించింది?" అంది.

"ఎలా కుట్టిందో ఏమో" అన్నాను. తర్వాత చాలాసేపు తల నొప్పిగా ఉంది.

మార్చి 27, గురువారం

ఇది మరీ మితిమీరుతోంది. నాలుగింటికి వచ్చి, "మీ చెల్లి అడుగుతోంది: టీ వంటగదిలో కలిసి తాగుదామా అక్కా?" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దర్నీ కలపాలని దీని తాపత్రయం. మందుల షాపు దంపతుల మీద పారిన పాచిక ఇక్కడ పారదు. ఆవిడకేమో 'అక్క పిలుస్తోంది' అని చెప్పి ఉంటుంది. "నాకు పనుంది, టీ గొంతులో దిగదు అని చెప్పు" అని పంపించాను.

అరగంట తర్వాత నీళ్ళ కోసం వెళ్తే చెల్లి వంటగదిలో నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. బల్ల మీద రెండు కప్పులున్నాయి. ఒకటి ఖాళీ. ఒకటి నిండుగా, పైన మీగడ కట్టి ఉంది.

రెండో కప్పు ఎవరికి? బొంగరం టీ తాగదు కదా. నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

మార్చి 28

రెండో కప్పు సంగతి తెగడం లేదు.

ఏప్రిల్ 2, బుధవారం

ఈ రోజు బొంగరం తెచ్చిన మాట: "మీ చెల్లి చెబుతోంది: పక్క ఊరి నాటకశాల కుట్టుగది వాళ్ళు ఉత్తరం రాశారు. చెయ్యి నయమయ్యేదాకా కుట్టక్కర్లేదు, కొత్తవాళ్ళకి నేర్పితే చాలట. పదిహేనో తారీకులోపు చెప్పమన్నారు. వెళ్ళనా అక్కా?"

వెళ్ళనా అక్కా. ఇది కూడా అతికించింది కాబోలు. 'వెళ్తున్నాను' అనే ఉంటుంది ఆవిడ. నన్నడిగి చేసిన పని ఏదైనా ఉందా?

గుండెలో ఏదో జారినట్టయింది. అలా అయినందుకు ఒళ్ళు మండింది. చేతిలో కత్తెర అలాగే పట్టుకుని అనేశాను. ఏమన్నానో ఇక్కడ రాస్తాను, దాచుకోవలసిన పనేముంది.

"వెళ్ళమను. తలుపు నేనే తీసిపెడతానని చెప్పు. ఒకసారి నా కొట్టు పరువు తీసింది, ఇక వాళ్ళ పరువు తియ్యమను. ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని తనకి సూది పట్టడం నేర్పానే, నా బతుకులో నేను చేసిన తప్పు అదొక్కటేనని చెప్పు."

బొంగరం ఒక చుట్టు తిరిగింది. ఆగింది. మళ్ళీ ఇంకో చుట్టు తిరిగింది. ఇంతకుముందు ఎప్పుడూ రెండు చుట్లు తిరగలేదు.

"ఇలాగే చెప్పనా?"

"ఇలాగే!"

ఏప్రిల్ 3

నిన్న కాస్త ఎక్కువన్నానేమో. ఫర్వాలేదు. బొంగరం చూసుకుంటుంది. 'వెళ్ళిరా చెల్లీ, నీ ఇష్టం' అని చెప్పి ఉంటుంది.

ఏప్రిల్ 4

ఈ రోజు చెల్లి నుంచి కబురు లేదు. బొంగరాన్ని అడిగాను. "మీకు చెప్పమని ఏమీ అనలేదు" అంది.

ఏప్రిల్ 5, శనివారం

చెల్లి గది తలుపు ఓరగా ఉంది. మంచం మీద పెద్ద సంచి. ఎడమచేత్తో బట్టలు మడుస్తోంది. ఒంటిచేత్తో మడవాలంటే గడ్డం కింద నొక్కిపెట్టుకుని మడవాలి. నేను గుమ్మం పక్కగా పోతుంటే చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జలుబేమో.

నిజంగానే వెళ్తుందా? మెత్తగా చెప్పాక కూడా వెళ్తుందా? నాకేం అర్థం కావడం లేదు. వెళ్ళమన్నది నేనే. వెళ్తుంటే నాకెందుకు ఇలా ఉంది?

ఏప్రిల్ 8, మంగళవారం

రాయకుండా ఉండలేను. రాయడానికి చెయ్యి రావడం లేదు.

మందుల షాపాయన కూతురు నేరేడుపండు రంగు వెల్వెట్ తెచ్చింది, పొట్టి జాకెట్‌కి. ఆ కోటు తర్వాత నేను వెల్వెట్ ముట్టలేదు. వద్దనబోయాను, ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను. బల్ల మీద పరిచాను. గుడ్డ కొంచెం తక్కువ పడేట్టుంది. నిలువునా మడిస్తే చేతులకి చాలదు. నా చేతులు వాటంతటవే ఆ కొస తీసుకుని ఈ కొస మీద వేశాయి. అడ్డంగా మడిచాను.

అక్కడ ఆగిపోయాను.

వెల్వెట్‌కి నూగుంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా ఉంటుంది. నూగు ఎటుంటే రంగు అటు మారుతుంది. అందుకే అన్ని ముక్కలకీ నూగు ఒకే వైపు ఉండేలా వెనక సుద్దతో బాణం గుర్తు వేసుకుని కత్తిరించాలి. అడ్డంగా మడిస్తే కింది పొరలో నూగు ఒకవైపు, పై పొరలో ఎదురువైపు వస్తుంది. కుడి ముక్కలన్నీ ఒక రంగు, ఎడమ ముక్కలన్నీ ఇంకో రంగు. కత్తెర పట్టిన మొదటి ఏడాదే నాన్న నాకు చెప్పిన సంగతి ఇది.

దాన్ని కుట్టేవాళ్ళు మార్చలేరు. భుజం దగ్గర ముక్క భుజం దగ్గరే అతుకుతుంది, తలకిందులుగా అతకదు. ఆ రోజు కొట్లో కోటు చూడగానే నాకు తెలిసింది. తెలిసే అన్నాను. ఆరుగురు చూస్తున్నారు, నాన్న చేతి కత్తెర నా చేతిలో ఉంది, అన్నాను. మూడేళ్ళుగా 'ఎలా కుట్టిందో ఏమో' అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఈ పుస్తకంలో కూడా అదే రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా.

వెల్వెట్ మడిచి ఇచ్చేశాను, కొత్త గుడ్డ ఇంకాస్త తెచ్చుకోమని.

ఏప్రిల్ 10, గురువారం

సెంటర్ అమ్మాయి చెల్లి చెయ్యి చూసిపోవడానికి వచ్చింది. వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "మీక్కూడా అలవాటయిందా ఆంటీ?" అంది.

"బాగానే అలవాటయింది. కాకపోతే ఉన్న మాట చెప్పదు, తీపి పూసి చెబుతుంది" అన్నాను.

"ఇదా?" అని ఆ అమ్మాయి వంగి దాని వెనకవైపు ఏదో నొక్కి చూసింది. "లేదే. మెత్తగా చెప్పాలా, ఉన్నదున్నట్టు చెప్పాలా అని మొదటిరోజే అడుగుతాం. చాలామంది మెత్తగానే పెట్టించుకుంటారు. మీ చెల్లెలుగారు రెండువైపులా ఉన్నదున్నట్టే పెట్టమన్నారు. ఒక్క ముక్క కలపదు, ఒక్క ముక్క తీయదు. అందుకే ప్రతిసారీ ఇలాగే చెప్పనా అని అడుగుతుంది."

"ఎందుకు అలా పెట్టమంది?"

"నేనూ అడిగాను. మెత్తగా పెడితే ఇద్దరికీ బావుంటుంది కదా అని. 'వద్దమ్మా, మా అక్క మాట విని మూడేళ్ళయింది. తిట్టినా సరే, అది మా అక్క మాటే అయి ఉండాలి' అన్నారు."

ఆ అమ్మాయి ఇంకేదో చెప్పింది. నాకు వినబడలేదు. టేపు మెడలో వేసుకుని, దాని రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాను.

ఏప్రిల్ 11

వెనక్కి తిప్పి మొదటినుంచీ చదివాను.

కళ్ళద్దాలు పెట్టుకోమన్నది తను. దారం లాగి ఆవిరి పట్టమన్నది తను. తొందరపడకు అన్నది తను. రెండో కప్పు నాది.

వెళ్ళనా అక్కా అని అడిగింది తను. వద్దు అంటానని అడిగింది.

మరి నేను? దగ్గు, తలుపు, అమ్మ గారం. ఒక్కొక్కటీ ముల్లుతో సహా చేరింది. ఏడేళ్ళ పిల్ల, ఒళ్ళో కూర్చుని, నాలుక కొంచెం బయటపెట్టి సూదిలో దారం ఎక్కించేది. ఎక్కగానే నా మొహంలోకి చూసేది. ఆ పిల్లకి చెప్పాను, నీకు సూది పట్టడం నేర్పడమే నా తప్పని.

నాకు సిగ్గుగా ఉంది. సిగ్గు అనే మాట చాలదు, ఇంకోటి తెలియదు.

ఏప్రిల్ 12, శనివారం

పొద్దున బొంగరాన్ని పిలిచాను. "మా చెల్లికి చెప్పు" అన్నాను. అది ఒక చుట్టు తిరిగి, ఆగి, నావైపు చూస్తూ నిలబడింది. ఏం చెప్పాలో నా దగ్గర సిద్ధంగానే ఉంది. కానీ చీటీ అయిపోయింది, ఇప్పుడు దీన్ని గుండుసూదితో గుచ్చి పంపిస్తున్నానా అనిపించింది.

"ఏమీ లేదు, వెళ్ళు" అన్నాను.

నాలుగింటికి వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టాను. రెండు కప్పుల్లో పోశాను. కూర్చున్నాను. చప్పుడుకి చెల్లి గుమ్మంలోకి వచ్చింది. కప్పుల్ని చూసింది. కూర్చోలేదు.

ఎలా మొదలుపెట్టాలో పొద్దున్నుంచీ పది రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"ఆ ఆకుపచ్చ వెల్వెట్ అడ్డంగా మడిచాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "గుడ్డ చాలలేదు. బాణాలు కూడా గీయలేదు. తప్పు నాది. నీ మీద తోశాను."

"తెలుసు" అంది.

మూడేళ్ళ తర్వాత తన నోటినుంచి నేరుగా విన్న మొదటి మాట అది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"కుట్టేటప్పుడే. వీపు కలుపుతున్నాను. చేత్తో నిమిరితే తెలియదా?"

"తెలిసీ కుట్టావా?"

"గుడ్డ మిగల్లేదు. మర్నాడే కచేరీ. చెబితే నువ్వేమైపోతావో నాకు తెలుసు. అంత తేడాగా కనబడదులే అనుకున్నా." కుర్చీ లాక్కుని కూర్చుంది. "అందుకని నువ్వన్నదాంట్లో సగం నిజమే. తెలిసే కుట్టాను."

ఇది నేను అనుకోలేదు. తప్పు మొత్తం నాదేనని నాలుగు రోజులుగా మోసుకుని వచ్చాను. సగం తను తీసేసుకుంటే నాకు తేలికవలేదు. ఇంకా గందరగోళమైపోయింది.

"మరి మూడేళ్ళు ఎందుకు మాట్లాడలేదు?"

"నువ్వు మాట్లాడావా?"

రెండో కప్పు తనవైపు జరిపాను.

"సూది సంగతి," అన్నాను. "ఆ రోజు అన్నది. ఆ రోబో మెత్తగా చెబుతుందనుకున్నానే. నిజంగా నీకు చేరుతుందని తెలిస్తే అనేదాన్ని కాదు."

"చేరదనుకుని అన్నదే కదా అసలు మాట?"

"కాదు" అన్నాను. తర్వాత, "ఏమో" అన్నాను. అవునా కాదా ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఎవరికీ తగలదనుకుని విసిరిన రాయి నా చేతిలోదే కదా. కానీ వెళ్ళిపోతుందంటే గుండె జారింది కూడా నాకే కదా. "నువ్వు వెళ్ళకు అనలేక అన్నాను" అన్నాను. ఇది మాత్రం ఖాయంగా నిజం.

చెల్లి కప్పు ఎడమచేత్తో తీసుకుంది. కాస్త ఒలికింది. తుడవబోతే తనే తుడుచుకుంది.

"వాళ్ళకి వస్తానని కబురు పెట్టేశాను" అంది. "నాలుగు నెలలు."

"ఊఁ."

"నాలుగు నెలలే అంటున్నాను."

"విన్నాను."

"టీలో చక్కెర ఎక్కువైంది. మూడేళ్ళలో మర్చిపోయినట్టున్నావు."

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తనూ ఏడ్చింది, కానీ నాకంటే తక్కువ. ఎప్పుడూ అంతే.

ఏప్రిల్ 14

చెల్లి ఎడమచేత్తో చీటీ రాసి, కొత్తగా వచ్చిన నేరేడురంగు వెల్వెట్‌కి గుచ్చింది. అక్షరాలు కొంకర్లు పోయాయి. 'ముందు బాణాలు గియ్యి.' అంతే. ముందర 'అక్కా' అని ఉంది.

ఏప్రిల్ 15, మంగళవారం

చెల్లిని బస్సెక్కించిన సంగతి తర్వాత రాస్తాను. ముందు ఇది రాయాలి.

పది గంటలకి సెంటర్ అమ్మాయి పెట్టె తీసుకుని వచ్చింది. బొంగరాన్ని పెట్టె పక్కన నిలబెట్టి, కాగితం తీసి నన్ను అడిగింది. "ఉపయోగపడిందా ఆంటీ? అవును, కాదు, కొంతవరకు. మూడింట్లో ఒకటి చెప్పండి."

మూడూ నిజమేననిపించింది. అదే చెప్పాను. అలా కుదరదంది. "అవునని రాసుకో" అన్నాను.

"కావాలంటే ఇంకో ఆరు వారాలు ఉంచుకోవచ్చు. ఒంటరిగా ఉంటారు కదా."

బొంగరాన్ని చూశాను. దాని తల మీద నా సుద్ద పొడి కొంచెం అంటుకుని ఉంది, చీరకొంగుతో తుడిచాను. ఉంచుకోవాలనే ఉంది. వీధి వీధంతా ఉంచుకున్నారు. నేను మాత్రం ఏం ప్రత్యేకం? ఇది నా మాట ఒక్కటి కూడా మార్చలేదు. నన్ను ఇంతలా పట్టించుకుని విన్నవాళ్ళు ఎవరున్నారు? కానీ దీని దగ్గర నేను ఎలాంటిదాన్నయిపోయానో కూడా చూశాను కదా. ఏం చెప్పాలో తేలలేదు.

అప్పుడే వెనకగదిలోంచి చెల్లి కేకేసింది. మూడు గదులు దాటి వచ్చింది ఆ గొంతు.

"అక్కా! ఈ సంచి జిప్పు పడట్లేదు, ఒక చెయ్యి వెయ్యి!"

బొంగరం గిర్రున ఒక చుట్టు తిరిగింది. నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది.

"మీ చెల్లి చెబుతోంది: అక్కా, ఈ సంచి—"

"వినబడిందిలే అమ్మా" అన్నాను. అని లోపలికి వెళ్ళాను.